టామ్‌కి ఏమైంది?

మా అల్లుడి సంచి మేమిద్దరం సర్దాం. సర్దాం అంటే, మా అమ్మాయి తాహి ఒక పక్క నుంచి పెడుతుంటే నేను ఇంకో పక్క నుంచి తీస్తూ వచ్చాను. అది ఉన్ని చొక్కా పెట్టింది, ఓడ మీద చలికని. నేను దాన్ని తీసి ఎండుచేపల పొట్లం పెట్టాను. అది పొట్లం తీసి సబ్బు పెట్టింది.

"ఓడలో చేపలు దొరకవా అమ్మా? పోయేది సముద్రం మీదే కదా."

"చేపలుంటాయే. మనలా ఎండబెట్టేవాళ్ళుండొద్దూ?"

అప్పటికి పరీక్షే కాలేదు. అయినా సంచి సర్దుతున్నాం. తాహికి నమ్మకం, నాకు భయం. రెంటికీ చేతులు ఊరుకోవు.

సంచి కనబడితే నాకు దాన్ని విప్పెయ్యాలనిపిస్తుంది. నా మొగుడు చెరకు పనికని పక్క ద్వీపానికి సంచి పట్టుకునే వెళ్ళాడు. నా తమ్ముడు రైలు పట్టాల పనికి సంచి పట్టుకునే వెళ్ళాడు. ఆ సంచులు ఎక్కడున్నాయో ఇప్పటికీ నాకు తెలియదు.

అల్లుడి పేరు మనంజారా. మా ద్వీపంలో పెద్ద రేవు తమతావేలో సరుకు దించే పని. అది కడుపు కోసం. అసలు విద్య వేరే ఉంది, కబారీ చెప్పడం. పెళ్ళికైనా చావుకైనా మా వాళ్ళలో ముందు ఒకాయన లేచి నిలబడి మాట్లాడాలి. పెద్దల దగ్గర క్షమాపణ, పితరుల దగ్గర క్షమాపణ, తనకంటే బాగా మాట్లాడగలిగి కూడా ఊరుకున్న వాళ్ళ దగ్గర క్షమాపణ, ఆ తరవాత సామెతలు, ఆ తరవాత విషయం. మనంజారా లేచాడంటే పొయ్యి మీద అన్నం మాడేది, ఎవరూ కదిలేవారు కాదు. ఎద్దుని కొమ్ములకి కడతారు, మనిషిని మాటకి కడతారు అంటాం. మా అల్లుడు మాటకి కట్టుబడిన మనిషి మాత్రమే కాదు, మాటతో ఊరినే కట్టిపడేసే మనిషి.

ఫిబ్రవరిలో తుఫాను వచ్చి మా పైకప్పు ఎత్తుకుపోయింది. ప్లాస్టిక్ పట్టా కప్పుకుని దాని కింద ఉన్నాం. రేవు కూలితో ఇనప రేకులు రావు. అప్పుడే ఒక ఓడ కంపెనీ మనుషుల్ని తీసుకుంటోందని తెలిసింది. పనికి బలం కావాలి, అది ఉంది. ఇంగ్లీషు చెవికెక్కాలి, అది లేదు. ఓడ మీద ఒకడి చెయ్యి గొలుసులో పడితే, ఆ సంగతి అరిచి చెప్పినప్పుడు రెండోవాడికి అర్థం కాకపోతే, రెండోవాడి చెయ్యి కూడా పోతుందట. అందుకని పనిచేసే చోట జరిగే ప్రమాదాల మీద సంభాషణలు వినిపిస్తారు. విని, ఏం జరిగిందో చెప్పాలి. పరీక్షకి మూడు సార్లే కూర్చోనిస్తారు. మూడోసారీ తప్పితే ఆ గుమ్మం మళ్ళీ ఎక్కక్కర్లేదు.

ఇంగ్లీషు చెప్పే మియాలీ అనే పిల్ల ఆ సంభాషణలు మా ఫోనులో ఎక్కించింది. కొండల మీదున్న రాజధాని నుంచి వచ్చిన పిల్ల. కొండ మీది వాళ్ళు మాట పొదుపు మనుషులు. ప్రశ్నల కాగితం నాకిచ్చింది. నాకు చదువు ఎవరూ చెప్పలేదు. లవంగాలు కట్టిన కాగితాల మీద అక్షరాలు పోల్చుకుంటూ నేర్చుకున్నాను, ఇంగ్లీషు ముక్కలు కూడా అలాగే. అందుకని పరీక్ష పెట్టే దొర వేషం నాకు పడింది.

మొదటి సంభాషణలో టామ్ నిచ్చెన మీంచి పడ్డాడు. రెండోదాంట్లో టామ్ చెయ్యి కాల్చుకున్నాడు. మూడోదాంట్లో టామ్ కాలి మీద పెట్టె పడింది. మూడిట్లోనూ పరిగెత్తుకొచ్చి చెప్పేది మేరీ అనే పిల్ల. మనంజారా విని, అర్థమైనంత మాకు మా భాషలో చెప్పేవాడు. నిచ్చెన మీంచి పడటం ఎంతసేపు పడుతుంది? మా అల్లుడి నోట టామ్ నిచ్చెన ఎక్కడానికే అడుగంటిన అన్నంలో కాచిన మాడు నీళ్ళు గిన్నెడు తాగేంత సేపు పట్టేది. నాలుగు సాయంత్రాలు తిరిగేసరికి వీధంతా చాపలు పట్టుకుని రావడం మొదలెట్టింది.

అందరికంటే ముందు కూర్చునేది పక్కింటి రవావు. నా ఈడుది.

"వదినా, ఈ టామ్‌కి తల్లి లేదా?"

"ఉంటే ఆ పనికి పంపిస్తుందా?"

"మేనమామైనా ఉండాలి కదా. మొన్న పడ్డాడు, నిన్న కాలింది, ఇవాళ పెట్టె. ఒక్కడైనా వచ్చి, ఒరే ఇంక చాల్లే, ఇంటికి పద అన్లేదు."

"ప్రతిసారీ ఆ మేరీ పక్కనే ఉంటోంది, గమనించావా?" అంది వెనక నుంచి ఎవరో.

"నేనూ అదే అనుకుంటున్నా. ఆ పిల్ల అడుగుపెట్టిన దగ్గర్నుంచే వాడికిలా" అంది రవావు.

మియాలీ నెత్తి కొట్టుకుంది. "ఒక టామ్ కాదు పెద్దమ్మా, వేరే వేరే టామ్‌లు. పుస్తకాల్లో అలాగే పేర్లు పెడతారు."

"అలాగా" అన్నారు అందరూ మర్యాదకి. ఎవరూ నమ్మలేదు. మర్నాడు రవావు ఒక కోడిపుంజుని మా మెట్టుకి కట్టేసింది, టామ్ కోలుకుంటే మొక్కు చెల్లించడానికని.

అసలు బాధ టామ్‌ది కాదు, మేరీది. ఆ పిల్ల పరిగెత్తుకొచ్చి, "టామ్ పడ్డాడు, కాలు విరిగింది!" అని మొహం మీద చెప్పేసేది. మా వాళ్ళకి ఒళ్ళు జలదరించింది. మా దగ్గర ఎవరొచ్చినా, "ఏంటి కబురు?" అని అడుగుతాం. "ఏ కబురూ లేదు" అని చెబుతారు. ఇల్లు కాలిపోయినా ముందు ఆ మాటే. తరవాత పిల్లలు, బియ్యం, వానలు, లవంగాలు. కాగే గిన్నెని ఎదుటివాడి చేతిలో ఉత్తినే పెడతామా? గుడ్డ చుట్టి ఇస్తాం. ఏ కబురూ లేదన్నాక కూడా మనిషి లేవకుండా కూర్చుంటే, అప్పుడు గుండె చిక్కబట్టుకోవాలి.

"ఏం పెంపకమో" అంది రవావు. "కనీసం చెప్పులు విప్పిందో లేదో."

మొదటి పరీక్షకి మనంజారా ఇస్త్రీ చొక్కాతో వెళ్ళాడు. సంచి గుమ్మం దగ్గర పెట్టాం. మధ్యాహ్నానికి తిరిగొచ్చి మెట్టు మీద కూలబడ్డాడు.

"టామ్‌కి ఏమైంది అని అడిగారా?"

"అడిగారత్తా. లేచి నిలబడ్డాను. నేను పెద్దవాణ్ణి కాను, తెలిసినవాణ్ణి కాను అని మొదలెట్టాను, ఇంగ్లీషులోనే. టామ్ పెద్దల్ని తలుచుకున్నాను. గడియారం చూసుకున్నాడాయన. అయినా ఆపలేదు నేను."

"ఎంతవరకూ వచ్చావు నాయనా?"

"నిచ్చెన దాకా వచ్చాను. ఎక్కించాను కూడా. దింపడానికి టైమివ్వలేదు."

సంచి విప్పాం. ఎండుచేపలు పులుసు పెట్టాను. ఆ రోజు నేను రెండు గిన్నెలు తిన్నాను.

రెండోసారికి మియాలీ గట్టిగా చెప్పింది. "బాబాయ్, పొడుగ్గా వద్దు. ఒక్క ముక్క. అంతే."

ఒక్క ముక్కే చెప్పొచ్చాడు. టామ్‌కి ఏమైంది అని అడిగితే, "ఏమీ కాలేదు. అందరూ బాగున్నారు" అన్నాడట.

"అదేంటయ్యా!" అంది తాహి.

"అడిగీ అడగ్గానే వాడి కాలు విరిగిందని ఎలా చెప్పనే? ఆయనకి టామ్ ఏమవుతాడో ఏమో. పిల్లలెలా ఉన్నారని ఒక్క మాట అడిగుంటే మెల్లిగా చెప్పేవాణ్ణి. అడగలేదు. తప్పని గీత గీసేశాడు."

"అడక్కుండా ఎలా చెబుతాడు, పాపం!" అంది రవావు. వీధంతా మా అల్లుడి పక్షమే. మియాలీ ఒక్కతే బయటికెళ్ళి గోడకి ఆనుకుని నిలబడింది.

మళ్ళీ సంచి విప్పాం. ఈసారి తాహి ఏడ్చింది. వానలు దగ్గరపడుతున్నాయి, పట్టా చిరుగుతోంది. పిల్లలిద్దరూ కుండల మధ్య పడుకుంటున్నారు, కారే చోటల్లా కుండ పెట్టాం మరి. ఇంక మిగిలింది ఒక్కసారి.

మియాలీ వచ్చి కొత్త చట్టం పెట్టింది. పరీక్ష అయ్యేదాకా ఈ ఇంట్లో ఎవరూ వంకర మాట మాట్లాడకూడదు. ఏమడిగితే అది, ఒక్క వాక్యంలో, సూటిగా.

మొదటి రోజు మధ్యాహ్నం తాహి అన్నం వడ్డించి, "ఆకుకూర పులుసు ఎలా ఉంది?" అంది.

మనంజారా కళ్ళు మూసుకున్నాడు. నుదుటి మీద చెమట పోసింది. "ఉప్పెక్కువ" అన్నాడు.

తాహి చేతిలో గరిట ఆగిపోయింది. పెళ్ళయిన దగ్గర్నుంచీ, ఉప్పెక్కువైన రోజు అతను అనే మాట, "ఇవాళ సముద్రం మనింటికి చుట్టపుచూపుగా వచ్చిందే" అని. అది విని తాహి నవ్వేది. ఆ రోజు అతనికి మారు వడ్డన లేదు.

ఆ సాయంత్రం రవావు వచ్చింది. "ఏంటి కబురు వదినా?"

చట్టం చట్టమే. "మోకాలు నొప్పి. మీ కుక్క మా చేప తినేసింది" అన్నాను.

రవావు నన్ను పైనుంచి కింద దాకా చూసింది. తన చాప చుట్టుకుంది. గుమ్మం దాటాక వీధికంతా వినబడేలా అంది, "ఇంగ్లీషు రోగం పట్టింది ఆ ఇంటికి!" వెళుతూ వెళుతూ కోడిపుంజుని కూడా విప్పుకు పోయింది. టామ్ సంగతి ఇంక ఎవరికీ పట్టలేదు.

రవావుకీ మాకూ మాటల్లేని రోజులు నడిచాయి. మా ఇంట్లో సూటి మాటలు పెరిగిన కొద్దీ వచ్చేవాళ్ళు తగ్గారు. మనంజారా మాత్రం ఎంత సాధన చేసినా అంతే. ఇంట్లో ఉప్పు గురించి సూటిగా అనగలడు. టామ్ పేరెత్తితే నాలుక వంకర తిరిగేది. "పడ్డాడు అనడానికి నోరు రావట్లేదత్తా. నేనంటే వాడు నిజంగా పడిపోయినట్టుంటుంది" అనేవాడు.

ఒక పొద్దున్న వాన వెలిసింది. తాహి బియ్యప్పిండి రొట్టెలమ్మడానికి సంతకెళ్ళింది, పిల్లలు బడికెళ్ళారు. మా ఇళ్ళు నేలకి ఎత్తుగా, కర్రల మీద ఉంటాయి. నీళ్ళ కుండ పట్టుకుని మెట్లు దిగుతున్నాను. తడిసిన మెట్టు మీద నాచు. కుండ ఒక వైపు, నేను ఒక వైపు. లేవబోతే కాలు నా మాట వినలేదు.

నా కేకకి మొదట వచ్చింది రవావే. మాటల్లేవన్న సంగతి మరిచిపోయింది. నన్ను చాప మీదికి లాగి, మోకాలి కింద గుడ్డ పెట్టి, "కదలకు వదినా, అల్లుణ్ణి తీసుకొస్తా" అని వీధిలోకి పరిగెత్తింది. రవావు జన్మలో రిక్షా ఎక్కిన మనిషి కాదు, రేవుకైనా సంతకైనా నడకే. ఆ రోజు ఎక్కింది.

రేవులో ఏం జరిగిందో ఆ తరవాత ఇద్దరూ చెప్పారు. ఇద్దరి మాటా కలుపుకుని చెబుతున్నాను.

మనంజారా బస్తా దించి చూసేసరికి ఎదురుగా రవావు.

"బాగున్నావా నాయనా?"

"బాగున్నా పిన్నీ. ఏంటి కబురు?"

"ఏ కబురూ లేదు."

"పిల్లలు?"

"బళ్ళో ఉన్నారు, బంగారు కొండలు."

"లవంగాలు ఆరాయా?"

"ఆరాయి. కాస్త తేమ తగిలింది. వాన చూశావుగా..."

అప్పుడు చూశాడట ఆమె కాళ్ళు. చెప్పుల్లేవు. వెనక రిక్షావాడు, "అమ్మా, ఆగాలా వెళ్ళాలా?" అని అడుగుతున్నాడు. రవావు, రిక్షా!

"పిన్నీ, ఎవరు?"

"ఎవరేంటి నాయనా? ఇంకా వాన సంగతి పూర్తిగా చెప్పనే లేదు..."

"ఎవరు పడ్డారు?"

"పడ్డారని నేనన్నానా?"

"ఎక్కడ పడ్డారు?"

"మెట్ల దగ్గర."

"మా అత్తేనా? చెయ్యా, కాలా?"

"కాలు... ఓరి నీ మర్యాద మండిపోనూ! కాస్త సర్ది చెప్పనియ్యవేంరా!" అని రవావు అక్కడే బస్తా మీద కూర్చుని భోరుమంది.

రేవులో క్రేన్ల దగ్గర ఒక ఎర్ర గడ్డం ఫోర్‌మన్ ఉండేవాడు, ఇంగ్లీషాయన. మనంజారా టోపీ తీశాడంటే ఆయనకి హడల్. ఒక పూట సెలవడగడానికి అరపూట మాట్లాడే మనిషి అని. ఆ రోజు కూడా మనంజారా ఇటు రావడం చూసి, ఆయన క్రేను వెనక్కి జరిగాడట. మా అల్లుడు టోపీ తియ్యలేదు. ఇంగ్లీషులో అన్నాడు, "మా అత్తగారు మెట్ల మీంచి పడింది. కాలు విరిగింది. బండి కావాలి."

ఫోర్‌మన్ మిగతాది ఇంకా వస్తుందేమోనని ఆగాడట. రాలేదు. తన బండి తాళం తీసి తనే నడుపుకొచ్చాడు.

నన్ను చేతుల మీద ఎత్తి బండిలో పడుకోబెడుతూ మనంజారా మొహం వెలిగిపోతోంది. "అత్తా! చెప్పేశానత్తా! ఒక్క ఊపిరిలో చెప్పేశాను!"

"సంతోషం నాయనా" అన్నాను, పళ్ళు బిగబట్టి. "నా కాలు కూడా ఒక్క ఊపిరిలోనే విరిగింది."

మూడో పరీక్షకి అతను వెళ్ళేనాటికి నా కాలికి కట్టు కట్టి, బల్ల మీద మూట పెట్టినట్టు దిండు మీద పెట్టారు. కదలలేను కాబట్టి ఈసారి సంచిలోంచి ఏదీ తియ్యలేకపోయాను. తాహి తన ఇష్టప్రకారం సర్దింది.

మధ్యాహ్నం వీధి చివర నుంచే అతని అరుపు వినబడింది.

"ఏమడిగారు?"

"అదే. టామ్‌కి ఏమైంది?"

"ఏమన్నావు?"

"టామ్ నిచ్చెన మీంచి పడ్డాడు. కాలు విరిగింది. డాక్టర్ని పిలవాలి." చెప్పి నా దిండు పక్కన కూర్చున్నాడు. "కళ్ళు మూసుకుని టామ్ మొహం బదులు మీ మొహం పెట్టుకున్నానత్తా. అప్పుడు వచ్చేసింది."

అతన్ని ఇంటి దగ్గరే నిలిపి ఉంచాలని నేను ఎంత అనుకున్నానో ఆ పైవాడికి తెలుసు. నా కాలే అతన్ని ఓడెక్కించింది.

రవావు పుంజుని తిరిగి తీసుకొచ్చింది. "ఇంతకీ టామ్ లేచి తిరుగుతున్నట్టేనా?" అంది.

"తిరుగుతున్నాడు పిన్నీ. మేరీతో పెళ్ళి కూడా కుదిరింది" అన్నాడు మనంజారా.

"అయ్యో పిచ్చి సన్నాసి! ఇంకేం తిరుగుతాడు" అంది రవావు. పుంజుని కొబ్బరిపాలతో వండాం.

వెళ్ళే రోజు పొద్దున్నే వీధంతా చాపలతో వచ్చి కూర్చుంది. మాలో దూరం వెళ్ళేవాళ్ళ మీద పెద్దవాళ్ళు నోట్లో నీళ్ళు పట్టి ఊది దీవిస్తారు. నేను లేవలేను కాబట్టి అతనే వచ్చి నా చాప పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. తాహి గిన్నెలో నీళ్ళు తెచ్చింది. నోట్లోకి తీసుకుని అతని తల మీద ఊదాను. కాస్త ఎక్కువే ఊదాను, ఇస్త్రీ చొక్కా తడిసింది.

తరవాత అందరూ సర్దుకు కూర్చున్నారు. వేరేవాళ్ళ ప్రయాణాలకి మనంజారా మాట్లాడితే బస్సులు ఆగిపోయేవి. తన ప్రయాణానికి తను ఎలా మాట్లాడతాడో వినాలని పై వీధి నుంచి కూడా వచ్చారు. నేనూ దానికే ఎదురుచూశాను. ఎంత పొడుగ్గా మాట్లాడితే అంతసేపు మా కళ్ళ ముందు ఉంటాడు కదా.

మనంజారా లేచి నిలబడ్డాడు. నా వైపు చూశాడు, తాహి వైపు చూశాడు, ఆ పట్టా వైపు చూశాడు.

"అత్తా, వెళ్ళొస్తాను. ముందు పైకప్పు వేయించండి. మెట్ల మీద జాగ్రత్త" అన్నాడు. సంచి భుజానికెత్తుకున్నాడు.

"ఇంతేనా?" అంది రవావు. "దీనికి నేను చాప తెచ్చుకున్నానా?"

అందరూ నవ్వారు. తాహి కూడా నవ్వింది. ఆ నవ్వు అవ్వకముందే రిక్షా మలుపు తిరిగింది.

మొదటి జీతం రాగానే ఇనప రేకులు వేయించాం. వాన పడితే పెద్ద చప్పుడు, ఒక్క చుక్క కారదు. ఫోను చేసినప్పుడల్లా ఓడ మీద తన సంగతులు చెప్పేవాడు. మాటలో మళ్ళీ పాత వంకర వచ్చింది. ఓడలో పులుసుకి ఉప్పు లేదని చెప్పడానికి, "సముద్రం మీద ఉంటూ సముద్రానికి దూరమయ్యానత్తా" అనేవాడు. నాకు మనసు కుదుటపడింది. నా కాలు అతుక్కుంది.

ఆ తరవాతి సంవత్సరం ఒక మధ్యాహ్నం మియాలీ వచ్చింది. ఓడ కంపెనీ వాళ్ళు ఏదైనా ఉంటే ఆ పిల్లకే ఫోను చేస్తారు. చెప్పులు విప్పి, మెట్లెక్కి, నా ఎదురుగా చాప మీద కూర్చుంది.

"ఏంటి కబురు మియాలీ?" అన్నాను.

"ఏ కబురూ లేదు పెద్దమ్మా" అంది.

పిల్లలెలా ఉన్నారని అడిగింది. లవంగాలు ఆరాయా అని అడిగింది. నేను మాడు నీళ్ళు ఇస్తే గిన్నె ఖాళీ అయ్యేదాకా తాగింది. వానల గురించి అడిగింది. ఒక్క ముక్క, అంతే, అని మా అందరికీ నేర్పిన పిల్ల. గిన్నె కింద పెట్టి కూడా లేవలేదు.

పొయ్యి దగ్గర్నుంచి తాహి లేచి వచ్చి నిలబడింది. "ఎక్కడ?" అని అడిగింది.

మా అల్లుడు మనంజారా తిరిగి రాలేదు. తుఫాను వచ్చిన మరుసటి సంవత్సరం, నవంబరులో, లీచీ పళ్ళు ఎర్రబడుతున్న వారంలో, ఓడ మీదే పోయాడు.